మేకుకున్న తాళంచెవి

మా క్లబ్బు షెడ్డులో తలుపు పక్కన గోడకి ఒక మేకు ఉండేది. దానికి ఒకే ఒక్క తాళంచెవి వేలాడేది. అది మేకుకి ఉందంటే మడుగు తూము మూసి ఉన్నట్టు. లేదంటే తూము తెరిచి ఉన్నట్టు, తెరిచినవాళ్ళ జేబులో తాళంచెవి ఉన్నట్టు. ఇక దాని గురించి ఎవరూ ఎవర్నీ అడగకూడదు. అడిగితే నీ మాట మీద నాకు నమ్మకం లేదని మొహం మీద చెప్పినట్టే.

ఈ పద్ధతి పెట్టింది మా అమ్మ. క్లబ్బు కొత్తల్లో ఒకరు తూము మూసి వస్తే వెనకాలే ఇంకొకరు వెళ్ళి చూసి వచ్చేవారట. సరిగ్గా మూయలేదని వీళ్ళు, నువ్వే మళ్ళీ తెరిచి ఉంటావని వాళ్ళు, తెల్లారి లేస్తే ఇదే గొడవ. జీతం భత్యం లేని పనికి ఇన్ని తగువులేమిటని అమ్మకి విసుగొచ్చి, ఒక మీటింగులో లేచి, "ఒకరి మాట ఒకరం నమ్మలేనివాళ్ళం పిట్టల్నేం కాపాడతామండీ?" అందట. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న ఆ సాయంత్రమే సుత్తి తెచ్చి మేకు దిగ్గొట్టాడు.

తూము సంగతి కూడా చెప్పాలి. దాని చక్రం కట్ట చివర ఒక ఇనప పెట్టెలో ఉంటుంది. ఆకతాయిలు తిప్పకుండా పెట్టెకి తాళం. చక్రం తిప్పితే నీళ్ళ అడుగున ఉన్న షట్టరు లేస్తుంది, దిగుతుంది. వదిలిన నీళ్ళు కట్ట కింద గొట్టంలోంచి పోయి, రోడ్డు కింద కప్పేసిన కాలువలో కలిసిపోతాయి. పెట్టె తీసి చక్రం మీద గుర్తు చూస్తే తప్ప షట్టరు పూర్తిగా దిగిందో లేదో దేవుడిక్కూడా తెలియదు. ఆ తాళంచెవి ముట్టుకోవాలంటే ప్రెసిడెంటైనా అయ్యుండాలి, కమిటీ పంపిన మనిషైనా అయ్యుండాలి. ప్రెసిడెంటు మా నాన్న. క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచీ ఆయనే.

నేను సెక్రటరీని. పిట్టల మీద ప్రేమతో కాదు. నా దస్తూరి బావుంటుందని, పైగా ప్రెసిడెంటు కూతురు కాబట్టి కాదనదని అంటగట్టారు. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో జనం ముక్కుల మీద ఫ్రేములు సర్ది, సాయంత్రాలు వీళ్ళ కోపతాపాల్ని మర్యాదైన మాటల్లోకి మార్చి మినిట్స్ రాసేదాన్ని. మా నిబంధనల ప్రకారం సెక్రటరీకి ఓటు లేదు. ఆ ఒక్క నిబంధనా నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఆ ఎండాకాలం మొదట్లో కూడా అన్నీ ఎప్పట్లాగే జరిగాయి. మడుగు మధ్యలో ఒక దిబ్బ ఉంది. ఏటా ఎండలు ముదిరే ముందు దాని మీదకి తెల్లటి పిట్టలు గుంపుగా వచ్చి దిగుతాయి. నెత్తిన నల్ల టోపీ పెట్టుకున్నట్టుంటాయని మేం వాటిని టోపీ పిట్టలనేవాళ్ళం. గూడు కట్టుకునే ఓపిక కూడా లేని పిట్టలవి. నేల మీదే కాస్త గుంట చేసుకుని గుడ్లు పెట్టేస్తాయి. చుట్టూ నీళ్ళున్నాయి కదా అన్న ధైర్యం. అవి రాకముందే మేం తూము తెరిచి, దిబ్బ అంచు జానెడు బయటపడేదాకా నీళ్ళు వదిలి, మళ్ళీ మూసేయాలి. ఎక్కువ నీళ్ళుంటే గుడ్లు మునుగుతాయి. తక్కువుంటే ఒడ్డు మీది కుక్కలకి దారి దొరుకుతుంది. మా క్లబ్బు ఏడాది పొడుగునా ఎన్ని మొక్కలు నాటినా, ఎన్ని ప్లాస్టిక్ సీసాలు ఏరినా, అసలు పని మాత్రం ఆ జానెడు కొలతే.

నాన్న తెరిచాడు. అంచు బయటపడ్డాక ఒక సాయంత్రం మూయడానికి వెళ్ళాడు. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మం మెట్ల మీదే కూలబడ్డాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"మేకుకి పెట్టారా?" అంది అమ్మ, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే.

"పెట్టాను."

నేను మంచినీళ్ళిస్తే ఎడంచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో వస్తువు దాచమని ఇచ్చినట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మా నాన్న లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆయన చేతుల గురించి మా ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళం. ఎవరికీ లొంగని సీసా మూతలన్నీ చివరికి ఆయన దగ్గరికే వచ్చేవి. రెండు వేళ్ళతో తిప్పి, "దీనికా ఇంత గొడవ?" అనేవాడు. పక్కింటివాళ్ళు కూడా పంపేవాళ్ళు. ఆ వారంలోనే ఒక రోజు అమ్మ తేనె సీసా పట్టుకెళ్తే, "కాసేపు వేడినీళ్ళలో పెట్టు, అదే వస్తుంది," అని పేపరు తిప్పుకున్నాడు. అమ్మ నా వంక చూసింది. పెద్దాయనకి బద్ధకం వచ్చిందిలే అనుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

పిట్టలు వచ్చాయి. దిగీ దిగగానే రొదతో సంత పెట్టేశాయి. అమ్మ రోజూ పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని కట్ట మీదకి వెళ్ళేది. ఆవిడ కర్టెన్లు కుట్టే మనిషి. ఎవరింటికి వెళ్ళినా కిటికీల కొలతలే చూసే కళ్ళు. అలాంటి కళ్ళకి మడుగులో పాతిన కొలతకర్ర ఏం లెక్క! ఒక రోజు భోజనాల దగ్గర నాన్నకి కూర వడ్డిస్తూ ఉన్నట్టుండి అంది.

"నీళ్ళు తగ్గుతున్నాయండీ."

"ఎండలు చూశావా? తగ్గవూ మరి?"

"ఎండకి తగ్గడం నేనెరగనా? ఇది వేరు. రోజూ ఒకేలా తగ్గుతోంది. మొన్న మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజు కూడా అంతే తగ్గింది."

నాన్న అన్నం కలపడం ఆపాడు. ఎడంచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడప్పటికే. బొటనవేలికి దెబ్బ తగిలిందని మాకు చెప్పాడు.

"తాళంచెవి ఎక్కడుంది?" అన్నాడు.

"మేకుకే ఉంది."

"మరింకేం?"

"ఇంకేం లేదు. అడగకూడదు కదా, అందుకే అడగట్లేదు. నీళ్ళు తగ్గుతున్నాయని మాత్రం చెబుతున్నాను."

"విన్నాను," అని చెంచా పెట్టేసి లేచాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. అమ్మ ఆ కంచం వంక చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరూ కలిసి కట్ట మీదకి వెళ్ళి ఆ దిక్కుమాలిన పెట్టె తీసి చూసుకుంటే పోయేదేముంది? అదే అడిగితే అమ్మ, "నేను పెట్టిన పద్ధతి నేనే తప్పితే రేపు ఎవరు పాటిస్తారే?" అంది. ఏదైనా చేస్తే కమిటీ ద్వారానే చేయాలట. మా ఇంట్లో ఉప్పు అయిపోయినా తీర్మానం చేసి తెచ్చుకునేలా ఉన్నారని నేను గొణుక్కున్నాను.

ఆ నెల కమిటీ మీటింగు షెడ్డులో జరిగింది. ఎప్పుడూ వచ్చేవాళ్ళే వచ్చారు. వైస్ ప్రెసిడెంటు డ్రాయింగ్ మాస్టారు. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, వినే ఓపిక మాత్రం తక్కువ. ఏ మాటకైనా ముందు అందరికీ బిస్కెట్లు పంచే బేకరీ ఆయన. మాట్లాడితే సూటిగా పంటి మీద కొట్టినట్టు మాట్లాడే పళ్ళ డాక్టరమ్మ. ఇంకో నలుగురైదుగురు సభ్యులు. కొత్త బోర్డుకి ఏ రంగు వేయాలన్నదాని మీదే గంటసేపు కొట్టుకున్నారు. అది తేలాక అమ్మ లేచింది.

"మడుగు నీళ్ళు ఉండాల్సిన దానికన్నా తగ్గిపోయాయి. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చే రోజులు. తూము పెట్టె తీసి ఒకసారి చూద్దామని నా ప్రతిపాదన."

బేకరీ ఆయన బిస్కెట్ల డబ్బా మూత పెట్టేశాడు.

"తాళంచెవి మేకుకుంది కదమ్మా?" అన్నారు డ్రాయింగ్ మాస్టారు.

"ఉంది."

"పెట్టింది ప్రెసిడెంటు గారు."

"అవును."

"ఈ పద్ధతి పెట్టింది తమరు."

"అదీ నిజమే. కాదన్నానా?"

"ఇంటి మాట ఇంట్లోనే తేల్చుకోవాల్సిందేమో అక్కా," అన్నాడు బేకరీ ఆయన, వాతావరణం తేలికచేద్దామని. అందరూ కాస్త నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"చూస్తే పోయేదేముంది?" అంది పళ్ళ డాక్టరమ్మ. "నొప్పి లేదన్నా నేను నోరు తెరిపించి చూస్తానా లేదా?"

"పోయేది ఆయన పరువు డాక్టరమ్మా!" మాస్టారి గొంతుకి షెడ్డు రేకులు మోగాయి. "ఈ మడుగుని పూడ్చి షాపులు కడతామని బిల్డర్లొచ్చినప్పుడు మిషన్లకి అడ్డంగా పడుకున్నది ఈయన. ఈ షెడ్డు తలుపు కూడా ఈయన చేత్తో బిగించిందే. ఆయన మూసి తాళంచెవి పెట్టాక మనం వెళ్ళి తీసి చూడడమా? ఇది అవిశ్వాస తీర్మానం కిందికి వస్తుంది. వస్తుందా రాదా, సెక్రటరీ గారూ?"

"నిబంధనల్లో అలాగేం రాసి లేదండీ," అన్నాను.

"రాయని నిబంధనలే అసలు నిబంధనలమ్మా. సరే, ఇలా అడుగుతాను. ప్రెసిడెంటు గారి మీద నమ్మకం ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

ముందు ఆయనే ఎత్తారు. తర్వాత బేకరీ ఆయన, తర్వాత మిగతావాళ్ళు. పళ్ళ డాక్టరమ్మ అటూ ఇటూ చూసి, నిట్టూర్చి, ఎత్తింది. నాన్న కుడిచెయ్యి బల్ల కిందే పెట్టుకుని, ఎదురుగా ఉన్న టీ గ్లాసులోకి చూస్తున్నాడు. అమ్మ ఇంకా నిలబడే ఉంది. అంతమంది చేతుల మధ్య దింపుకున్న చేతులతో తనొక్కతే. ఆవిడ నాన్న మొహం వంక చూసింది. ఏం కనిపించిందో నాకు తెలియదు. పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆయన్ని పదిమందిలో నిలబెట్టానే అనిపించి ఉంటుంది. మెల్లగా కూర్చుని, తనూ చెయ్యెత్తింది.

"రాసుకోండి సెక్రటరీ గారూ, ఏకగ్రీవం!" అన్నారు మాస్టారు. చప్పట్లు కొట్టారు. నాన్న లేచి, "మీ అభిమానం..." అని ఆగిపోయాడు. పాపం కదిలిపోయారు అని బేకరీ ఆయన నా చెవిలో చెప్పాడు. నాకూ అలాగే అనిపించింది, కళ్ళు చెమర్చాయి కూడా.

ఆ తర్వాత అమ్మ నీళ్ళ మాట ఎత్తలేదు. పొద్దున్నే కట్ట మీదకి వెళ్ళి వచ్చేది, వచ్చి మిషను ముందు కూర్చునేది. దిబ్బ చుట్టూ బురద బయటపడింది. ఎండకి పైపొర ఎండి, బీటలు వారి, ఒడ్డు వైపు నాలుకలా సాగింది. మధ్యలో మిగిలింది సన్నటి నీటి చార. కుక్కలు దిగకుండా కంచె వేద్దామని మాస్టారు తీగ చుట్ట తెప్పించారు. అందాకా ఎవరెవరు ఏ పూట కాపలాకి రావాలో నేను పేర్లు రాశాను. కంచె ఆదివారం వేద్దామనుకున్నారు. మిగతా రోజుల్లో అందరికీ ఉద్యోగాలున్నాయి.

శుక్రవారం పొద్దున్నే ఫోను మోగింది. ఆ పూట కాపలా పళ్ళ డాక్టరమ్మది.

"మీ అమ్మని తీసుకురా," అంది. "వద్దులే, నువ్వొక్కదానివే రా." మళ్ళీ, "అందరూ రండి," అని పెట్టేసింది.

ముగ్గురం వెళ్ళాం. కట్ట ఎక్కకముందే నాకు తెలిసిపోయింది, ఎందుకంటే రొద లేదు. ఆ పిట్టలు ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఆగవు. అలాంటిది, గాలి తప్ప ఏం వినపడలేదు. ఎక్కి చూస్తే దిబ్బ మీద కుక్కలు. అరవడం లేదు, కొట్లాడుకోవడం లేదు. కడుపు నిండి, ఒకటి పడుకుని కాళ్ళు నాక్కుంటోంది. బురద మీద వాటి అడుగులు ఒడ్డు నుంచి దిబ్బదాకా తిన్నగా ఉన్నాయి, రోజూ నడిచే దారిలాగే. పెద్ద పిట్టలు కొన్ని పైన తిరుగుతున్నాయి. దిగబోయి, మళ్ళీ లేస్తున్నాయి.

పళ్ళ డాక్టరమ్మ మోకాళ్ళదాకా బురదతో కట్ట మీద కూర్చుని ఉంది. చేతిలో రాళ్ళున్నాయి. "నేనొచ్చేసరికే అయిపోయింది," అంది. "ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెళ్ళాను."

అమ్మ బురదలోకి దిగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తుకోను కూడా లేదు. కుక్కలు లేచి, పెద్దగా భయపడకుండా పక్కకి తప్పుకున్నాయి. దిబ్బంతా తిరిగింది. వంగింది, ఏదో తీసి చూసింది, మళ్ళీ అక్కడే పెట్టింది. అలా చాలాసార్లు. నేను వెళ్ళలేకపోయాను. పిట్టల మీద నాకు ప్రేమ లేదని ఇందాక అన్నాను కదా. ఆ పొద్దున కట్ట మీద కూర్చుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

తిరిగొచ్చాక అమ్మ మా దగ్గర ఆగలేదు. బురద కాళ్ళతోనే షెడ్డులోకి వెళ్ళి మేకుకున్న తాళంచెవి తీసుకుంది. అప్పుడే సైకిలు దిగుతున్న డ్రాయింగ్ మాస్టారు ఆవిడ చేతిలో తాళంచెవి చూసి ఏదో అనబోయి, మొహం చూసి, పక్కకి తప్పుకున్నారు.

పెట్టె మూత తీసింది. చక్రం మీద ఒక తెల్ల గీత, చట్రం మీద ఒక తెల్ల గీత. తూము మూసుకుంటే రెండూ కలవాలి. కలవలేదు. చక్రం మీది గీత పక్కకి తిరిగి, ఆకాశం వైపు చూస్తోంది.

అమ్మ రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. కదల్లేదు. పళ్ళ డాక్టరమ్మ వచ్చి ఇంకో వైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒళ్ళంతా బరువేస్తే, కిర్రుమని కాస్త తిరిగింది. మళ్ళీ ఇంకాస్త. అడుగున ఎక్కడో షట్టరు నేలకి కొట్టుకున్న చప్పుడు మా కాళ్ళకి తెలిసింది. అంతే. ఇంతకాలం అంత పనే మిగిలి ఉంది.

నాన్న వెనకాలే నిలబడ్డాడు. అమ్మ తిరిగి చూసింది.

"మూశానన్నారు కదండీ."

"మూశారా అని నువ్వడగలేదు. మేకుకి పెట్టారా అన్నావు. పెట్టానన్నాను."

అమ్మ చక్రం మీది తెల్ల గీతని బొటనవేలితో తుడిచింది.

"చివర్లో తిరగలేదే," అన్నాడు నాన్న. గొంతు మామూలుగానే ఉంది. "చెయ్యి ఆడలేదు. ఈ మధ్య ఆడట్లేదు. పట్టుకుంటాను, పట్టు నిలవట్లేదు. మొత్తం మూసుకుందనే అనుకున్నాను ముందు. కాదు, అనుకోవాలని అనుకున్నాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అసలు కదలనే లేదు."

"నాతో చెప్పకూడదా? నేను రానా?"

"చెబుదామనే అనుకున్నాను. భోజనాల దగ్గర నువ్వడిగిన రోజు చెప్పేద్దామనుకున్నాను. అమ్మాయి ఎదురుగా..." ఆగి, తన చెయ్యి వంక చూసుకున్నాడు. "తర్వాత మీటింగులో నువ్వు లేస్తే, పోన్లే, ఇప్పుడు వీళ్ళే వెళ్ళి చూస్తారు, నేను చెప్పక్కర్లేకుండా తేలిపోతుంది అనుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో. అంతలో అందరూ చేతులెత్తేశారు. ఎత్తకుండా ఉంటే మర్నాడే మాస్టార్ని తోడు తీసుకెళ్ళి మూసేసేవాణ్ణి. ఎత్తాక ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

మాస్టారు తల దించుకున్నారు.

"నువ్వు కూడా ఎత్తావు కదే," అన్నాడు నాన్న.

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే అమ్మ తట్టుకునేది, నాలుగు తిట్టి ఉండేది కూడా. చిన్నపిల్లాడు అర్థంకాక అడిగినట్టు అన్నాడు. అమ్మ తాళంచెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుని, చెంగుతో మొహం తుడుచుకుంది. చెంగుకున్న బురద బుగ్గలకి అంటింది. ఎవరూ చెప్పలేదు.

తూము మూసినా ప్రయోజనం లేకపోయింది. వానలు పడేదాకా నీళ్ళు రావు కదా. పెద్ద పిట్టలు ఇంకో రెండు రోజులు తిరిగి, ఒక పొద్దున కనిపించకుండా పోయాయి. కంచె తీగ చుట్ట షెడ్డు మూల అలాగే ఉండిపోయింది.

సర్వసభ్య సమావేశం పెట్టారు. నాన్న రాజీనామా తనే చదివాడు. కాగితం ఎడంచేత్తో పట్టుకుని, వణక్కుండా. తప్పు తనదేనని, కమిటీకి సంబంధం లేదని. చదవడం అయ్యాక బేకరీ ఆయన లేచి, కళ్ళు తుడుచుకుంటూ, "ఇది మనం ఒప్పుకోకూడదండీ. జబ్బు చేయడం తప్పా?" అన్నాడు. చాలామంది తలలూపారు. ఇంకో నిమిషం ఉంటే మళ్ళీ ఏకగ్రీవం అయ్యేది. నాకు భయమేసింది.

"ఒప్పుకోవాలి," అంది అమ్మ.

అందరూ వెనక్కి తిరిగారు.

"రాజీనామా ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అని, ఎవరి కోసమూ చూడకుండా తన చెయ్యెత్తింది. నిటారుగా, మోచెయ్యి వంగకుండా. నాన్న ఆవిడనే చూస్తున్నాడు. ఆయన మొహంలో ఆ ఎండాకాలమంతా లేని తేలికతనం కనిపించింది. తల ఊపాడు. అప్పుడు మాస్టారు ఎత్తారు, ఆ తర్వాత మిగతావాళ్ళు.

ఆ రోజే అమ్మని ప్రెసిడెంటుని చేశారు. పదవి తమకి కావాలని ఇంకెవరూ అడగలేదు, వద్దని ఆవిడా అనలేదు. కుర్చీలో కూర్చోకముందే కత్తెర్లు, టేపులు ఉండే తన సంచీలోంచి పటకారు తీసి గోడకున్న మేకు పీకేసింది. "ఇకమీదట ఒకరు మూస్తే ఇంకొకరు వెళ్ళి చూడాలి. మూసింది నేనైనా సరే. కోపమొస్తే రానివ్వండి," అంది. నేను రాసుకున్నాను.

క్లబ్బు ఇంకా ఉంది. మొక్కలు నాటుతున్నారు, సీసాలు ఏరుతున్నారు. తూము దగ్గరికి ఇద్దరిద్దరు వెళ్తున్నారు. మరుసటేడు జానెడు కొలత వెంట్రుకవాసి తేడా రాకుండా కుదిరింది. టోపీ పిట్టలు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నాన్నది నరాల జబ్బని తేలింది. కుడిచేతితో మొదలై మెల్లగా రెండో వైపుకి వచ్చింది. నయమయ్యేది కాదు, మందులతో నెమ్మదిస్తుందంతే అన్నారు. ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనడం లేదు. అదే నేను భరించలేకపోయింది. వాళ్ళిద్దరూ పొద్దున లేస్తే ఒకర్నొకరు ఆటపట్టించుకునే మనుషులు. "ఏం ప్రెసిడెంటు గారూ, సభ ఎప్పుడు ముగిస్తారు, అన్నం చల్లారిపోతోంది," అని అమ్మ అంటుండేది. ఇప్పుడు ప్రెసిడెంటు ఆవిడే కాబట్టి ఆ మాట అనేవాళ్ళు లేరు.

గ్యాసు కట్టేశావా అని ఆయన అడిగితే, కట్టేశానని చెప్పి, ఒక క్షణం ఆగి, లేచి వెళ్ళి చూసి వస్తుంది. తలుపు గడియ వేశానని నేను చెబితే ఆయన గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి గడియ తడిమి వస్తాడు. నాకు మొదట్లో చిరాకొచ్చేది. ఇప్పుడు నేనూ షాపు షట్టరు తాళం రెండుసార్లు లాగి చూస్తున్నాను.

రోజూ భోజనం అయ్యాక అమ్మ మాత్రల సీసా మూత తీసి, మాత్ర ఆయన అరచేతిలో పెడుతుంది. ఆయన నోట్లో వేసుకుంటాడు. ఆవిడ గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తాగుతాడు. ఒక రోజు, ఎవరూ అడక్కుండానే, మింగాక నోరు తెరిచి నాలుక పైకెత్తి చూపించాడు.

"మింగాను. చూసుకో," అన్నాడు.

అమ్మ అక్కర్లేదంటుందనుకున్నాను. అనాలని గట్టిగా కోరుకున్నాను. గ్లాసు కింద పెట్టి, దీపం వైపు ఆయన గడ్డం తిప్పి, వంగి చూసింది.

అప్పట్నుంచి రోజూ ఆయన నోరు తెరుస్తాడు, ఆవిడ చూస్తుంది.